కుండీలో లెట్యూస్ గడ్డ కట్టాలంటే తేదీ ముందు, మట్టి తర్వాత

ప్రశ్న: మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. పన్నెండడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బాల్కనీ, దక్షిణం వైపు. పుదీనా, కొత్తిమీర, టమాటా, రెండు మిరప మొక్కలు బాగానే వస్తాయి. మా అమ్మాయికి సలాడ్లంటే ఇష్టమని, పోయిన సంక్రాంతి వెళ్ళాక ఆన్‌లైన్‌లో ఐస్‌బర్గ్ లెట్యూస్ విత్తనాలు తెప్పించి రెండు నల్ల గ్రో బ్యాగుల్లో చల్లి, పైన అరంగుళం మట్టి కప్పాను. పావు వంతు కూడా మొలవలేదు. మొలిచినవి ఆకులు వేసుకుంటూ పోయాయే గానీ క్యాబేజీలా గడ్డ కట్టలేదు. ఏప్రిల్ వచ్చేసరికి మూరెడు కాడలు లేచి పసుపు పూలు పూశాయి. ఆకు నోట్లో పెడితే చేదు. టమాటాలకి కొట్టినట్టే జీవామృతం కూడా కొట్టాను. "వంద రూపాయల ఆకుకి వెయ్యి రూపాయల మట్టి" అని మావారు ఎగతాళి చేస్తున్నారు. సూపర్‌మార్కెట్‌లో దొరికే గుండ్రటి గడ్డ అసలు కుండీలో వస్తుందా? వస్తే ఏ రకం వేయాలి, ఎప్పుడు వేయాలి?

జవాబు: అమ్మా, మీ మట్టికి ఏ దోషమూ లేదు. టమాటా, మిరప కాసే మట్టిలో లెట్యూస్ రాకపోవడమంటూ ఉండదు. మీరు వేసిన తేదీ తప్పింది, ఎంచుకున్న రకం తప్పింది. ఈ రెండూ సరిచేసుకుంటే ఈ చలికాలంలోనే మీ బాల్కనీలో గడ్డ కోస్తారు. సూపర్‌మార్కెట్‌లో ఉండేంత పెద్దది కాదు, చేతిలో ఇమిడేది. ఒక పూట సలాడ్‌కి ఒక గడ్డ సరిపోతుంది. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజులకి పారేసే బాధ ఉండదు.

ఐస్‌బర్గ్ సంగతి ముందు తేల్చేద్దాం. అమెరికాలో ఈ పంటకి పేరు పడ్డ చోటు కాలిఫోర్నియాలోని సలీనాస్ లోయ. శాన్ హోసేలో ఉండే మన తెలుగువాళ్ళకి కారులో గంట దూరం. అక్కడ నడివేసవిలో కూడా పసిఫిక్ సముద్రం మీద నుంచి చల్లగాలి, పొగమంచు లోయలోకి వస్తాయి. చలికాలం రాగానే సాగు అరిజోనాలోని యూమా వైపు మారిపోతుంది. అన్ని హంగులూ ఉన్న రైతులే ఆ పంట కోసం వాతావరణాన్ని వెతుక్కుంటూ ఊళ్ళు మారుస్తున్నారు. ఐస్‌బర్గ్ గట్టిగా గడ్డ కట్టాలంటే పగలు ఇరవై మూడు డిగ్రీల చుట్టుపక్కల, రాత్రి పదికి లోపల ఉండాలి. అది కూడా ఎనభై, తొంభై రోజులు. హైదరాబాద్‌లో డిసెంబర్, జనవరిల్లో పగలు ఇరవై ఎనిమిది, రాత్రి పదిహేను దగ్గర ఉంటుంది. ఏడాది మొత్తంలో మనకి దొరికే మంచి చలి రెండున్నర నెలలు. ఆ రెండున్నర నెలల్లో పుట్టి, పెరిగి, గడ్డ కట్టి, కోతకొచ్చే రకం కావాలి మనకి. ఐస్‌బర్గ్‌కి అంత తొందర లేదు. దాన్ని మీరు సంక్రాంతి తర్వాత వేశారు. అది గడ్డ కట్టాల్సిన సమయానికి శివరాత్రి వెళ్ళి ఎండలు ముదిరాయి.

గడ్డ ఎలా కడుతుందో తెలిస్తే మిగతాదంతా మీకే అర్థమవుతుంది. లెట్యూస్ మొక్క కాండం మొదట్లో అంగుళం కూడా ఉండదు. ఆకులన్నీ ఆ పొట్టి కాండం చుట్టూ ఒకదాని మీద ఒకటి వస్తుంటాయి. చల్లగా ఉండి వెలుతురు బాగా తగిలితే కొత్తగా వచ్చే ఆకు పొడవు కంటే వెడల్పు ఎక్కువగా పెరుగుతుంది, అంచులు లోపలికి ముడుచుకుంటాయి. లోపలి నుంచి వచ్చే ఆకులకి విప్పుకునే చోటు లేక అక్కడే ముద్దగా చేరతాయి. అదే గడ్డ. వేడి ఎక్కువైనా, నీడ ఎక్కువైనా ఆకు వెడల్పు తగ్గి నాలుకలా సాగుతుంది, ఇక ముడుచుకోదు. వేడి ఇంకా పెరిగి పగటి పొద్దు కూడా పొడవైతే ఆ పొట్టి కాండం పైకి లేస్తుంది, చివర పూలు వస్తాయి. తెంపితే పాలు కారతాయి చూడండి, కాడ లేచినప్పుడు ఆ పాలలో ఉండే చేదు పదార్థాలు ఎక్కువవుతాయి. మీరు నోట్లో పెట్టుకున్నది ఆ దశలో ఉన్న ఆకు. ఎరువు వేసినా, నీళ్ళు పోసినా అప్పుడిక ఆ మొక్క వెనక్కి రాదు.

మీ బాల్కనీకి నేను చెప్పే రకం లిటిల్ జెమ్. ఇది రొమైన్ అనే పొడవాటి ఆకుల లెట్యూస్ జాతిలో పొట్టిది, నిలువుగా పెరుగుతుంది. ఎత్తు ఆరంగుళాలు దాటదు. బయట నాలుగైదు ముదురాకులు తీసేస్తే లోపల గుప్పెట్లో పట్టేంత గట్టి గడ్డ, కొరికితే కరకరలాడుతుంది, తియ్యగా ఉంటుంది. విత్తిన యాభై నుంచి అరవై రోజుల్లో కోతకొస్తుంది. మనకున్న రెండున్నర నెలల్లో ఇది హాయిగా ఇముడుతుంది, పదిహేను రోజులు అటూ ఇటూ అయినా నష్టం లేదు.

రెండోది బటర్‌క్రంచ్. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో తయారైన రకం. అక్కడ కొత్త విత్తన రకాలకి ఇచ్చే ఆల్ అమెరికా సెలక్షన్స్ బహుమతి 1963లో పొందింది. ఆకు మెత్తగా ఉంటుంది, గడ్డ కాస్త వదులుగా గులాబీలా విచ్చుకున్నట్టు కడుతుంది. కొద్దిపాటి వేడికి వెంటనే కాడ వేయకపోవడం దీని మంచి గుణం, అందుకే మన ప్రాంతానికి నమ్మదగింది. టామ్ థంబ్ అని ఇంకా చిన్నది ఉంది. ఒక్కొక్కటి పిడికిలంత, ఒక మనిషికి ఒక గడ్డ. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ తినేవాళ్ళు ముగ్గురుంటే మూడు మొక్కలు ఒకేసారి పీకేయాలి. పిల్లలు పెంచుకోవడానికి బాగుంటుంది. మన విత్తనాల దుకాణాల్లో తరచూ కనిపించే గ్రేట్ లేక్స్ ఐస్‌బర్గ్ తరగతిదే, దాని జోలికి వెళ్ళకండి. ఐదారు రకాలు కలిపిన పొట్లాలు కూడా వద్దు. అందులో గడ్డ కట్టేవేవో, ఆకు మాత్రమే వచ్చేవేవో మొలిచాక గానీ తెలియదు.

ఇక తేదీ. హైదరాబాద్‌లో మొదటి విడత దీపావళి అటూ ఇటూగా విత్తుకోండి. చివరి విడత డిసెంబర్ పదిహేనుకల్లా పడిపోవాలి. ఈ మధ్యలో పదిహేను రోజులకోసారి పది పన్నెండు విత్తనాలు వేసుకుంటూ పోతే డిసెంబర్ ఆఖరు నుంచి ఫిబ్రవరి రెండో వారం దాకా కోతకి గడ్డలుంటాయి. ఒక్కరోజే పొట్లమంతా చల్లేస్తే అన్నీ ఒక్క వారంలో తయారై కూర్చుంటాయి. అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ తన మాంటిసెల్లో తోట గురించి రాసుకున్న కాగితాల్లో ఫిబ్రవరి మొదలు సెప్టెంబర్ దాకా ప్రతి సోమవారం ఉదయం కుట్టుపనిలో వేలికి తొడుక్కునే చిన్న తొడుగు నిండా లెట్యూస్ విత్తనం చల్లాలని ఉంది. ఆయనకి ఎకరాల తోట ఉంది. మనకి రెండు వారాలకి ఒక చిటికెడు చాలు. గ్రాము విత్తనంలో ఎనిమిది వందలకి పైగా గింజలుంటాయి కాబట్టి చిన్న పొట్లం ఒక్కటి కొంటే ఈ ఏడాదికీ వచ్చే ఏడాదికీ సరిపోతుంది.

మొలకలు రాకపోవడానికి కారణం విత్తనం నాసిరకమని మీరు అనుకుని ఉంటారు. కావచ్చు, కానీ నాకు మీ అరంగుళం మట్టి మీదే అనుమానం. లెట్యూస్‌లో చాలా రకాల గింజలకి మొలవడానికి వెలుతురు కావాలి. మొక్కలు వెలుతురుని ఎలా గుర్తుపడతాయన్న పెద్ద విషయం బయటపడింది కూడా ఈ గింజలతోనే. 1952లో అమెరికా వ్యవసాయ శాఖవారి బెల్ట్స్‌విల్ కేంద్రంలో శాస్త్రవేత్తలు గ్రాండ్ ర్యాపిడ్స్ అనే లెట్యూస్ గింజల మీద ఎర్ర కాంతి వేస్తే మొలిచాయి, దాని తర్వాత కంటికి లీలగా మాత్రమే కనిపించే దూరపు ఎరుపు కాంతి వేస్తే మొలవడం మానేశాయి. చివర ఏ కాంతి పడితే దాని మాటే చెల్లింది. ఇంతటి గింజని మనం మెంతుల్లాగా మట్టి కింద పాతిపెడితే ఏం లాభం? తడి మట్టి మీద చల్లి, అరచేత్తో మెల్లగా అదిమి, పైన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) పొడి గింజ కనిపించీ కనిపించనంత జల్లితే చాలు.

రెండో అనుమానం నల్ల బ్యాగు మీద. తడిసిన గింజ చుట్టూ వేడి ముప్పై డిగ్రీలకి చేరితే లెట్యూస్ గింజ మొలవకుండా నిద్రలోకి జారుకుంటుంది. జనవరి ఆఖర్లో గాలి చల్లగానే ఉన్నట్టనిపించినా దక్షిణపు ఎండలో నల్ల బ్యాగు పైమట్టి మధ్యాహ్నానికి ఆ వేడి సులువుగా దాటుతుంది. అందుకే విత్తడం ఎప్పుడూ సాయంత్రం పెట్టుకోండి. గింజ నీళ్ళు తాగే మొదటి కొన్ని గంటలే కీలకం, అవి రాత్రి చల్లదనంలో గడిచిపోవాలి. ఇంకా నమ్మకం కావాలంటే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో తడి టిష్యూ కాగితం పరిచి, దాని మీద గింజలు చల్లి, మూత పెట్టి ఫ్రిజ్ కింది అరలో రెండు రోజులుంచండి. తర్వాత తీసి ఇంట్లో వెలుతురు వచ్చే చోట, నేల మీద పెట్టండి. రెండు మూడు రోజుల్లో గింజ చివర సూది మొనంత తెల్లటి వేరు కనిపిస్తుంది. అది పావంగుళం దాటకముందే అగ్గిపుల్ల తడిపి దాని కొనతో ఒక్కో గింజని ఎత్తి కాగితపు టీ కప్పులోనో నారు పెంచే గుంటల ప్రోట్రేలోనో పెట్టండి. కప్పు అడుగున చిల్లులు మరిచిపోవద్దు. మొలిచిన రోజు నుంచి ఎండ తగలాలి. గదిలో కిటికీ పక్కన పెడితే సన్నగా సాగి పడిపోతాయి. పైగా నీళ్ళెక్కువైతే నారుకుళ్ళు వచ్చి మొదలు దగ్గర దారంలా నల్లబడుతుంది.

నాలుగు ఆకులొచ్చాక, అంటే మూడు వారాలకి, బ్యాగులోకి మార్చండి. సాయంత్రం పూటే. ఇక్కడ చాలామంది టమాటా నారు నాటినట్టు మొదలు లోతుగా పూడుస్తారు. లెట్యూస్‌కి ఆ పని చేయకూడదు. ఆకులన్నీ కలిసే ఆ గుంపు మొదలు మట్టికి పైనే ఉండాలి, కప్పులో ఉన్న మట్టి ముద్ద పైభాగం బ్యాగు మట్టితో సమానంగానో ఒక నూలు పైనో ఉండేట్టు కూర్చోబెట్టాలి. మొదలు మట్టిలో కూరుకుపోతే కింది ఆకులు కుళ్ళుతాయి, నడి చిగురులో మట్టి పడితే గడ్డ వంకరగా కడుతుంది, ఒక్కోసారి కట్టదు.

బ్యాగులు కొత్తవి కొనక్కర్లేదు. పద్దెనిమిది అంగుళాల వెడల్పు, తొమ్మిది అంగుళాల ఎత్తున్న గుండ్రటి బ్యాగులైతే లిటిల్ జెమ్ ఐదు మొక్కలు పడతాయి, నాలుగు చుట్టూ, ఒకటి నడుమ. టామ్ థంబ్ అయితే ఏడు. బటర్‌క్రంచ్ అయితే మూడుకి మించి వద్దు. ఎనిమిది అంగుళాల కుండీ ఒక్క లిటిల్ జెమ్‌కి సరిపోతుంది. లోతు ఆరేడు అంగుళాలుంటే చాలు, ఇది టమాటాలా లోతు అడగదు. 2015 ఆగస్టులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు తాము పెంచుకున్న లెట్యూస్ తిన్నారు. ఔట్‌రెడ్జియస్ అనే ఎర్ర రొమైన్ రకం, పెంచింది చిన్న దిండులాంటి సంచుల్లో. వేళ్ళకి చోటు చాలలేదన్న బెంగ మీకు అక్కర్లేదని చెప్పడానికే ఇది గుర్తు చేశాను. నల్ల బ్యాగుల చుట్టూ పాత తెల్ల పంచె ముక్క చుట్టండి, లేదా ద్రాక్షపళ్ళు వచ్చే థర్మోకోల్ పెట్టెలు పళ్ళ దుకాణంలో అడిగి తెచ్చుకోండి. అడుగున వేలు పట్టేంత చిల్లులు ఆరేడు పెడితే ఎండ వేడి లోపలికి పోని మంచి కుండీ అవుతుంది, మోయడం తేలిక కూడా. పెద్ద బ్యాగు నిండా ఎర్రమట్టే పోస్తే తడిసినప్పుడు యాభై కిలోలు దాటుతుంది. బాల్కనీ కొసన అలాంటివి వరసగా పెట్టడం నాకు ఇష్టం ఉండదు. ఎర్రమట్టి ఒక పాలు, కోకోపీట్ ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో ఒక పాలు కలపండి. బ్యాగుకి ఒక గుప్పెడు వేపపిండి. అంతే.

దక్షిణం బాల్కనీ కావడం మీ అదృష్టం. డిసెంబర్‌లో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. హైదరాబాద్‌లో మిట్ట మధ్యాహ్నం కూడా నేలకి యాభై డిగ్రీల ఎత్తు దగ్గరే ఉంటాడు. దాంతో ఎండ మీ బాల్కనీ లోపలి దాకా వస్తుంది. రోజుకి ఐదారు గంటలు తగిలితే గడ్డకి ఢోకా లేదు. ఉత్తరం బాల్కనీ ఉన్నవాళ్ళకి నేను గడ్డ కట్టే లెట్యూస్ చెప్పను. వాళ్ళు ఆకు రకాలు వేసుకుని ఎప్పటికప్పుడు కోసుకోవచ్చు గానీ గడ్డ ఆశించకూడదు. ఫిబ్రవరి రాగానే ఎండ తీక్షణత మారుతుంది. అప్పటికి ఇంకా కోయని మొక్కలుంటే పదకొండు నుంచి మూడు దాకా షేడ్ నెట్ వేయండి.

నీళ్ళు ఉదయమే. వేలు రెండు కణుపుల దాకా గుచ్చి చూడండి, పొడిగా తగిలితే పోయండి. మధ్యాహ్నం పైకప్పు ట్యాంకు నుంచి వచ్చే మొదటి బకెట్ నీళ్ళు వేడిగా ఉంటాయి, అవి పోయకండి. బోరు నీళ్ళే గతి అయితే బ్యాగు అంచుల్లో తెల్లటి ఉప్పు పొర పేరుకుంటుందేమో గమనించండి. లెట్యూస్ ఉప్పుకి ఓర్చుకునే పంట కాదు. రెండు వారాలకోసారి నల్లా నీళ్ళు బ్యాగు అడుగు నుంచి బాగా కారేదాకా పోస్తే ఆ ఉప్పు కొట్టుకుపోతుంది.

గడ్డ కట్టే రోజుల్లో ఒక చిక్కు వస్తుంది. పైకి మొక్క నవనవలాడుతుంటుంది, కోసి విప్పితే లోపలి లేత ఆకుల అంచులు గోధుమ రంగులో మాడి ఉంటాయి. తెగులనుకుని మందు కొట్టేస్తారు. అది తెగులు కాదు, సున్నం, అంటే కాల్షియం, అందకపోవడం. మట్టిలో సున్నం లేక కాదు సుమండీ. సున్నం నీటితో పాటు పైకి వెళ్తుంది, నీరు ఎక్కువగా ఆవిరయ్యే బయటి ఆకులకే చేరుతుంది. లోపల ముడుచుకున్న ఆకుకి గాలి తగలదు, నీరు ఆవిరి కాదు, కాబట్టి సున్నం కూడా రాదు. రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు ముంచెత్తితే, లేదా నత్రజని ఎక్కువై మొక్క ఉరుకులు పెడితే ఇది వస్తుంది. గుడ్డు పెంకుల పొడి చల్లితే ఈ పంట కాలంలో ఒరిగేదేమీ లేదు. నీళ్ళు రోజూ ఒకే తీరుగా ఇవ్వడం, మొక్కల మధ్య గాలి ఆడేలా దూరం ఉంచడం, ఎరువు మితంగా వేయడం, ఇవే మందు.

జీవామృతం దగ్గర మాత్రం గట్టిగా చెప్పాలి. టమాటా, వంకాయ మీద కొడితే వాటిని కడిగి వండుకుంటాం. లెట్యూస్ పచ్చిగా తింటాం, పైగా గడ్డ లోపలి మడతల్లో పడిందేదీ కడిగినా పోదు. పేడ, గోమూత్రంతో చేసిన ద్రావణాలు దీని ఆకు మీద అసలు పడకూడదు. పచ్చి పేడ మట్టిలో కలపడం కూడా వద్దు. అమెరికాలో సేంద్రియ సాగు నిబంధనల ప్రకారం మట్టికి తాకేలా కాసే పంటకి పచ్చి పేడ వేస్తే కోతకి 120 రోజుల ముందే వేసి ఉండాలి. మన లిటిల్ జెమ్ బతికేదే అరవై రోజులు. అందుకే పూర్తిగా మాగి మట్టి వాసన వచ్చే ఎరువే వాడండి. నాటిన మూడు వారాలకి ఒక్కో మొక్క చుట్టూ గుప్పెడు వర్మీకంపోస్టు వేసి పైమట్టిలో కలిపితే మళ్ళీ ఎరువు అక్కర్లేదు.

పురుగుల్లో మిమ్మల్ని సతాయించేవి రెండు. పేనుబంక ఆకు అడుగున చేరుతుంది. గడ్డ మూసుకోకముందు అది చిన్న సమస్య, నీళ్ళు ఎదురుగా చిమ్మితే రాలిపోతుంది. లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి అడుగు వైపు కొట్టవచ్చు. గడ్డ ముడుచుకోవడం మొదలయ్యాక ఆ పని మానండి. లోపల చిక్కిన వేపనూనె చేదు సలాడ్‌లో తగులుతుంది, లోపల చిక్కిన పేను ఎలాగూ చావదు. కాబట్టి నాటిన మొదటి నెలంతా రోజూ ఒకసారి ఆకు తిరగేసి చూసే అలవాటు చేసుకోండి. రెండోది పొగాకు లద్దె పురుగు. పొద్దున లేచి చూస్తే ఆకుకి పెద్ద చిల్లి, దాని కింద నల్లటి గుళికల్లాంటి రెట్టలు ఉంటాయి, పురుగు కనబడదు. పగలు మట్టిలోనో కింది ఆకు చాటునో దాక్కుంటుంది. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ టార్చి వేసుకుని వెళ్ళండి, ఆకు అంచున దర్జాగా మేస్తూ దొరుకుతుంది. బాల్కనీలో పది పదిహేను మొక్కలకి ఇంతకు మించిన మందు లేదు. పావురాల గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు, కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళందరికీ అనుభవమే. లేత నారు అంటే వాటికి మహా ఇష్టం, మొదటి మూడు వారాలూ పైన వల కప్పి ఉంచండి.

కోత ఎప్పుడో గడ్డే చెబుతుంది. అరచేత్తో పైనుంచి మెల్లగా నొక్కి చూడండి. మెత్తగా దిగిపోతే ఇంకా వారం ఆగాలి, లోపల ఏదో నిండినట్టు ఎదురు తగిలితే కోసేయండి. మన దగ్గర రాయిలా గట్టిపడేదాకా ఆగడం లాభం లేదు, ముప్పావు గట్టిపడ్డా రుచికి లోటుండదు. గుండ్రంగా ఉండాల్సిన నెత్తి మొన తేలుతూ పైకి లేస్తోందంటే లోపల కాండం సాగడం మొదలైంది, ఆ రోజే కోయాలి, రేపనుకుంటే చేదెక్కుతుంది. తెల్లవారుజామున, ఎండ పడకముందు, మట్టికి అంగుళం పైన పదునైన చాకుతో కోయండి. చల్లటి నీళ్ళలో పావుగంట ఉంచితే పాలు పోయి ఆకు బిర్రుగా నిలుస్తుంది. మొదలు పీకకండి. చలి ఇంకా ఉంటే దాని పక్కల నుంచి చిన్న పిలకలొస్తాయి, గడ్డ కట్టవు గానీ ఇంకో రెండు పూటల ఆకు దొరుకుతుంది. లిటిల్ జెమ్ లోపలి ఆకులు చిన్న దొన్నెల్లా ఉంటాయి. ఉడికించిన శనగల్లో ఉల్లిపాయ, నిమ్మరసం, కాస్త జీలకర్ర పొడి కలిపి వాటిలో పెట్టి ఇవ్వండి, మీ అమ్మాయితో పాటు మీవారు కూడా తింటారు.

ఆయన లెక్క కూడా చూద్దాం. మట్టి, బ్యాగులు మీ దగ్గర ఉన్నవే. టమాటాకి ఒక పంటకీ ఇంకో పంటకీ మధ్య ఖాళీగా ఉండే మట్టిలోనే ఇది వస్తుంది. కొత్తగా ఖర్చయ్యేది విత్తనాల పొట్లం, కాస్త వర్మీకంపోస్టు. హైదరాబాద్ సూపర్‌మార్కెట్లలో కనిపించే లెట్యూస్‌లో చాలా భాగం బెంగళూరు, ఊటీ వైపు నుంచి వచ్చేది. కోసి రెండు మూడు రోజులై ఉంటుంది. డబ్బు మిగులుతుందని మాత్రం నేను అనను, పది గడ్డలకి పెద్దగా మిగిలేది ఉండదు. పొద్దున కోసింది మధ్యాహ్నం తినడంలో ఉన్న తేడా చూపించండి, వాదన అక్కడ తెగుతుంది.

ఇది చదివే మిగతా ఊళ్ళవాళ్ళకి రెండు మాటలు. విజయవాడ, రాజమండ్రి, విశాఖల్లో రాత్రి చలి తక్కువ, గాలిలో తేమ ఎక్కువ. అక్కడ నవంబర్ మధ్య నుంచి డిసెంబర్ పది దాకా ఒక్క విడతే వేయండి, బటర్‌క్రంచ్‌తో సరిపెట్టుకోండి. మదనపల్లె వైపు హైదరాబాద్ తేదీలే పనికొస్తాయి. అరకు, చింతపల్లి, లంబసింగి కొండలవాళ్ళది మరో అదృష్టం. అక్టోబర్ నుంచి జనవరి ఆఖరు దాకా ఎప్పుడు వేసినా వస్తుంది, ఐస్‌బర్గ్ సరదా ఉన్నవాళ్ళు అక్కడ తీర్చుకోవచ్చు.

మిగిలిన విత్తనాల పొట్లం వంటింటి అలమరలో పెట్టకండి, మన ఎండాకాలం దాటేసరికి మొలకశక్తి బాగా పడిపోతుంది. తేమ తగలని సీసాలో వేసి, మీద సంవత్సరం రాసి ఫ్రిజ్‌లో పెడితే మూడేళ్ళ దాకా నమ్మవచ్చు. పైన మట్టి పూత పూసిన గుళిక విత్తనాలైతే మాత్రం ఆ ఏడాదే వాడేయాలి. ఫిబ్రవరి ఆఖరుకి బ్యాగులు ఖాళీ అవగానే పైమట్టి తిరగేసి, నాలుగు రోజులు ఎండనిచ్చి తోటకూర, గోంగూర చల్లుకోండి. బాల్కనీ గ్రిల్లుకి తీగ పాకించే చోటుంటే ఒక బచ్చలి మొక్క కూడా పెట్టండి. వాటికి మన ఎండ ఒక లెక్క కాదు.